పక్షుల పండగలో చూపించే మనిషి

పండగ జరిగే ప్రతి ఏడాదీ డిసెంబర్ చివర్లో నాకు ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి, బెంగళూరులో ఉండే మా పిన్ని కొడుకు దగ్గర్నుంచి. "అక్కా, సూళ్ళూరుపేటలో పక్షుల పండగంట కదా, పిల్లల్ని తీసుకుని వద్దామనుకుంటున్నాం, ఏ రోజు వస్తే బాగుంటుంది, ఎక్కడ దిగాలి, భోజనం సంగతేంటి" అని. తెలిసినవన్నీ చెప్తాను. చెన్నై నుంచైతే లోకల్ రైల్లో సూళ్ళూరుపేట దాకా వచ్చేయొచ్చని, జనవరిలో కూడా ఎండ చురుక్కుమంటుంది కాబట్టి టోపీలు పెట్టుకోమని, కంటికి కొట్టొచ్చే రంగుల బట్టలు వద్దని. అన్నీ అయ్యాక ఒక ప్రశ్న అడుగుతాను. "మీకు పక్షుల్ని ఎవరు చూపిస్తారు?" అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, "చూపించేదేముందక్కా, అన్ని వేల పక్షులు, అవే కనిపిస్తాయి కదా" అంటారు.

అవే కనిపించవు. కనిపించినా, అవేంటో, అక్కడేం చేస్తున్నాయో, వాటికి మనం ఎంత దూరంలో నిలబడాలో ఒకరు పక్కనుండి చెప్పకపోతే మనం చూసేది దూరంగా ఉన్న తెల్లచుక్కలనే. ఫొటో తీస్తాం, టీ తాగుతాం, ఇంటికొచ్చేస్తాం. పక్షుల పండగ బాగా జరిగిందా లేదా అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్న కొలత ఒకటే. వచ్చినవాళ్ళలో ఎంతమంది పక్కన ఆ నీళ్ళూ ఆ చెట్లూ తెలిసిన మనిషి నిలబడ్డాడు? పండగ డబ్బు ముందు ఆ మనిషి మీద పెట్టాలి, ఆ మనిషిని అక్కడి ఊళ్ళనుంచే తెచ్చుకోవాలి, మూడు రోజులకి మాత్రమే కాకుండా సీజన్ మొత్తానికీ పెట్టుకోవాలి. నా వాదన ఇంతే. ఎందుకంటున్నానో కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మాది నాయుడుపేట. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాం కానీ ఇంట్లో ఇంకా నెల్లూరోళ్ళమనే అనుకుంటాం. మాకు ఈ పండగ కొత్తేం కాదు, ఇరవై ఏళ్ళ పైబడి జరుగుతోంది. మధ్యలో కొన్నేళ్ళు ఆగిపోయింది, 2020 తర్వాత మళ్ళీ 2025 జనవరి 18 నుంచి 20 దాకా మూడు రోజులు చేశారు. సూళ్ళూరుపేట ఊళ్ళో వేదిక, స్టాళ్ళు. దొరవారిసత్రం పక్కన నేలపట్టులో గూళ్ళు కట్టుకునే పక్షులు. శ్రీహరికోట దారిలో అటకానితిప్ప దగ్గర పులికాట్ సరస్సు. తడ వైపు భీములవారిపాళెంలో పడవలు. ఇంకా ఓపికున్నవాళ్ళు వరదయ్యపాళెం వైపు పోయి ఉబ్బలమడుగు అడవి, జలపాతం కూడా చూసుకుని వెళ్తారు. ఒక్క రోజు ప్రయాణంలో మంచినీళ్ళ చెరువు, ఉప్పునీళ్ళ సరస్సు, బురదనేల, వెనకజలాలు, కొండవాగు అన్నీ తగిలే చోటు మన రాష్ట్రంలో ఇంకోటి ఉందేమో నాకైతే తెలియదు. పండగ అసలు బలం ఇదే. కానీ ఈ చోట్లని విడివిడి పిక్నిక్ స్పాట్లుగా తిప్పితే ఆ బలమంతా పోతుంది.

నేలపట్టుకి నేను మొదటిసారి పెద్దయ్యాక వెళ్ళింది మా బావతో, ఒక ఆదివారం. టవర్ ఎక్కాం, చెరువులో నీళ్ళలోనే నిలబడి పెరిగే కడప చెట్ల మీద తెల్లగా చాలా పక్షులు కనిపించాయి, పదిహేను నిమిషాల్లో దిగేశాం. "బాగుంది" అన్నాడు బావ. నేనూ బాగుందన్నాను. అంతకుమించి చెప్పుకోవడానికి మా ఇద్దరి దగ్గరా ఏమీ లేదు.

రెండోసారి ఆ చుట్టుపక్కల ఊరాయన ఒకరు మాతో వచ్చారు. ఆయన పేరు ఇక్కడ రాయను. చిన్నప్పటి నుంచీ ఆ చెరువు గట్టునే తిరిగిన మనిషి, యానాది కుటుంబం, కొన్నేళ్ళు వాచర్‌గా రోజుకూలీకి పనిచేశారు. ఆయన టవర్ ఎక్కనివ్వలేదు. "ముందు ఈడ కూసోండమ్మా, చెవులు పెట్టుకోండి" అన్నారు. కూర్చున్నాం. ఐదు నిమిషాలకి చెట్లలోంచి ఒక చప్పుడు వేరుగా వినపడటం మొదలైంది, చిన్న కుక్కపిల్లలు మూలిగినట్టు. అది గూడబాతు, అంటే పెలికాన్, పిల్లల అరుపు. పెద్ద గూడబాతులు దాదాపు మౌనంగానే ఉంటాయి, గోలంతా పిల్లలదే. తర్వాత ఒక గూడు చూపించారు. తల్లి వచ్చి వాలింది, పిల్ల తన తల మొత్తం తల్లి నోటి సంచిలోకి దూర్చేసింది, మెడదాకా లోపలే. మా మేనకోడలు భయపడిపోయి, "అత్తా, మింగేస్తోంది!" అంది. "మింగడంలా పాపా, తింటాంది, సంచిలో చేపలుండాయి" అన్నారాయన. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి, ఇప్పటికీ ఆ మాట అప్పచెప్తుంది.

అక్కడే ఆయన ఇంకో సంగతి చెప్పారు, నా బుర్రలో ఈ ఆలోచన మొత్తం పుట్టింది అందులోంచే. తొమ్మిది గంటలు దాటింది, ఎండ కాస్త ఎక్కింది. చెట్ల మీంచి గూడబాతులు ఒక్కొక్కటే లేచి, రెక్కలు పెద్దగా ఆడించకుండానే గుండ్రంగా తిరుగుతూ పైకి పోవడం మొదలుపెట్టాయి. రెక్కలు చాపితే రెండు మీటర్లకు పైనే ఉండే పక్షి అది, అంత బరువుతో రెక్కలు కొట్టుకుంటూ దూరం పోవాలంటే కష్టం. అందుకని నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగి, ఆ గాలినెక్కి పోతుంది. "ఎక్కడికి పోతున్నాయి?" అనడిగాను. "మీరు మద్దేనం యాడికి పోతారమ్మా?" అన్నారు. పులికాట్‌కి అన్నాను. "ఆడికే."

నేలపట్టు చెరువు వాటికి ఇల్లు మాత్రమే. చెట్టు చుట్టూ నీళ్ళుంటే నక్క రాదు, అడవిపిల్లి రాదు, పిల్లలు భద్రంగా ఉంటాయి. కానీ అన్ని వందల పిల్లలకి సరిపోయే చేప ఆ చెరువులో ఒక్కదాంట్లోనే దొరకదు. అందుకని పెద్దవి చుట్టుపక్కల చెరువులకి, సుమారు ఇరవై కిలోమీటర్లలో ఉన్న పులికాట్‌కి పోయి, చేపలు నింపుకుని తిరిగొస్తాయి. పండగకొచ్చిన జనం పొద్దున నేలపట్టు, మధ్యాహ్నం పులికాట్ చూస్తారు కదా, అది టూర్ ప్లాన్ చేసినవాళ్ళు కనిపెట్టిన దారి అనుకునేదాన్ని. కాదు, గూడబాతు రోజూ తిరిగే దారే అది. ఆ రోజు మధ్యాహ్నం షార్ రోడ్డు మీద, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పోయే రోడ్డు మీద నిలబడి, నీళ్ళలో వరసగా ఈదుతూ ఒక్కసారే ముక్కులు ముంచి చేపల్ని తరిమే గూడబాతుల గుంపుని చూసినప్పుడు, పొద్దున చూసిన పిల్ల వీటిలో ఏదో ఒకదాని కోసం ఎదురుచూస్తోంది అనిపించింది. అదే బస్సులో వచ్చిన మిగతావాళ్ళకి మాత్రం అవి "ఇంకొన్ని కొంగలు." వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకెవరూ చెప్పలేదు.

పులికాట్ దగ్గరైతే చూపించే మనిషి అవసరం ఇంకా ఎక్కువ. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది, ఎక్కువ భాగం మన ఆంధ్రాలోనే ఉంది, మిగతాది తమిళనాడులో. ఉత్తరం నుంచి స్వర్ణముఖి, పడమటి నుంచి కాళంగి, దక్షిణాన ఆరణి నదులు మంచినీళ్ళు తెస్తాయి, సముద్రం ముఖద్వారాల్లోంచి ఉప్పునీళ్ళు తెస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు ఎంత కురిస్తే సరస్సు అంత లోతు. ఇక్కడే ఫ్లెమింగో కథంతా ఉంది. మా వైపు కొందరు దాన్ని సముద్రపు రామచిలుక అంటారు, పుస్తకాల్లో రాజహంస అని రాస్తారు. దానికి కాళ్ళు మునిగేటంత నీళ్ళు చాలు. తల తలకిందులుగా నీళ్ళలో పెట్టి, బురదని నోట్లోకి తీసుకుని, ముక్కు అంచుల్లో ఉండే జల్లెడలాంటి అమరికతో నీళ్ళని వడగట్టి, చిన్న చిన్న రొయ్యల జాతి పురుగుల్నీ నాచునీ మిగుల్చుకుని తింటుంది. ఆ గులాబీ రంగు ఆ తిండి వల్లే వస్తుంది. వాన తక్కువైతే నీళ్ళుండవు, మరీ ఎక్కువైతే లోతు పెరిగిపోయి నిలబడి తినడానికి కుదరదు, దానికి అనువైన చోటు కోసం సరస్సులోనే ఇంకో మూలకి పోతుంది. కాబట్టి "ఈ ఏడు ఫ్లెమింగోలు ఎక్కడున్నాయి" అనేదానికి బోర్డు మీద రాసిపెట్టే జవాబు లేదు. నిన్న ఆ నీళ్ళలో వల వేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఒక చిన్న చిట్కా, నాకు చెప్పినాయన దగ్గర నేర్చుకున్నది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు తూర్పుగా పోతుంది, రెండు పక్కలా సరస్సే. జనవరిలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు. అందుకని రోడ్డుకి ఎడమచేతి వైపు, అంటే ఉత్తరం వైపు చూడాలి, అప్పుడు ఎండ మన వీపు మీద ఉంటుంది, పక్షి రంగులు కనిపిస్తాయి. కుడివైపు చూస్తే అన్నీ నల్లటి నీడలే. పదకొండు దాటాక నేల మీంచి ఆవిర్లు లేచి, బైనాక్యులర్‌లో అంతా నీళ్ళలో కదిలినట్టు అయిపోతుంది. ఎన్నో కుటుంబాలు భోజనం చేసుకుని నింపాదిగా ఒంటిగంటకి అక్కడికి వస్తాయి, కుడివైపు దిగుతాయి, ఏం కనపడలేదని నిరాశగా పోతాయి. ఇంత చిన్న సంగతి చెప్పే మనిషి ఒక్కరుంటే ఆ పిల్లల జనవరి వేరేగా ఉండేది.

అన్నట్టు, సైబీరియా గురించి కూడా చెప్పాలి, ఇది నాకు చాలా రోజులుగా మనసులో ఉంది. మన పేపర్లలో, టీవీల్లో ఏ పెద్ద కొంగ కనిపించినా సైబీరియా నుంచి వచ్చిందనే రాస్తారు. సత్యసాయి జిల్లా వీరాపురంలో ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగల్నీ అలాగే అంటారు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం గూడబాతుల్నీ అలాగే అంటారు. అవి మనవే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు ఇవన్నీ మన ఉపఖండంలోనే పుట్టి, ఇక్కడే నీళ్ళని బట్టి తిరిగే పక్షులు. ఫ్లెమింగోలకి పెద్ద పుట్టిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్. నిజంగా ఉత్తరాన ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి వేరే ఉన్నాయి, సూదితోక బాతులు, బురదలో పరుగులు తీసే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు. గుప్పెట్లో పట్టేంత ఉల్లంకి ఆర్కిటిక్ దాకా పోయి గుడ్లు పెట్టి తిరిగొస్తుంది. దాన్ని ఎవరూ చూడరు, ఎందుకంటే అది చిన్నది, మట్టిరంగులో ఉంటుంది. పెద్ద తెల్లపక్షిని చూసి సైబీరియా అనుకుంటారు, సైబీరియా నుంచి వచ్చిందాన్ని పిచ్చుకేమో అనుకుంటారు.

ఇది మాటల పట్టింపు అనుకోకండి. ఆ పక్షి పరాయి దేశపు చుట్టం అనుకుంటే, వచ్చింది, పోయింది, ఈ ఏడు రాలేదు, ఏదో వాతావరణం అనుకుని ఊరుకుంటాం. అది మనదే, మన చెరువులో చెట్టుంటేనే దానికి గూడు, మన సరస్సులో చేపుంటేనే దాని పిల్లకి తిండి అని తెలిస్తే, రాకపోవడానికి కారణం మన దగ్గరే వెతకాలి. పులికాట్‌లో ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయని, దుగరాజపట్నం వైపు రాయదొరువు దగ్గర పూడిక తీయమని జాలర్లు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. ముఖద్వారం మూసుకుంటే సముద్రపు నీళ్ళు రావు, చేపపిల్ల రాదు, రొయ్యపిల్ల రాదు. జాలరి ఇంట్లో పొయ్యీ, నేలపట్టు చెట్టు మీద గూడూ ఆ ఒక్క ముఖద్వారం మీదే ఆధారపడ్డాయి. ఈ సంగతి పండగలో ఎవరు చెప్పాలి? నోటీసు బోర్డు చెప్తే ఎవరూ చదవరు. పడవ నడిపేవాళ్ళు చెప్పాలి, చెప్పగలరు, వాళ్ళ కష్టం అది.

చూపించే మనిషి కాపలా మనిషి కూడా. కొన్నేళ్ళ కిందట వేరే జిల్లాలో, గూళ్ళున్న ఒక చెరువు గట్టు మీద నా కళ్ళముందే జరిగింది చెప్తాను. ఒక వ్యాన్లో ఇరవై మంది దిగారు, చేతిలో స్పీకరు, పాటలు. ఒకతను వీడియో కోసం పక్షులన్నీ ఒకేసారి లేవాలని చప్పట్లు కొట్టి, కేకలు వేసి, ఒక రాయి విసిరాడు. లేచాయి. వాళ్ళకి వీడియో వచ్చింది. తర్వాత పది నిమిషాలు వాళ్ళు చూడలేదు, నేను చూశాను. గూళ్ళు ఖాళీ అవ్వగానే కాకులు దిగాయి. ఒక కాకి గుడ్డు పొడిచి అక్కడే తాగేసింది, ఇంకోటి ముక్కున కరుచుకుపోయింది. బొచ్చు రాని పిల్లలున్న గూళ్ళ మీద నీడ పోయింది, అంత ఎండలో వాటికి తల్లి రెక్కల నీడే దిక్కు. నేను ఆ అబ్బాయితో గొడవపడ్డాను, అతను నిజంగానే బాధపడ్డాడు, "నాకు తెలీదు మేడం" అన్నాడు. అతనికి నిజంగానే తెలీదు. గట్టు మొదట్లోనే ఒక మనిషి ఎదురొచ్చి, "బాబూ, ఆ స్పీకరు బండిలో పెట్టి రండి, నేను మీకు గూట్లో పిల్లల్ని చూపిస్తా" అని ఉంటే, ఆ గుడ్లు మిగిలేవి, ఆ అబ్బాయికి రాయి విసరాల్సిన పనే ఉండేది కాదు. గూడబాతుకి గుడ్లు పొదగడానికి నెల, పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నాలుగు నెలలు పడుతుంది. జనవరి అంటే సరిగ్గా గూళ్ళ నిండా పిల్లలున్న సమయం. జనాన్ని ఎక్కువగా పిలిచేదీ అప్పుడే. అందుకే మనిషి తప్పకుండా ఉండాలంటున్నాను.

ఇది సాధ్యమా అంటారా? పక్క రాష్ట్రంలో చేసి చూపించారు. ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళజోడి అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ పక్షుల్ని వేటాడి అమ్ముకునేవాళ్ళు, విషం పెట్టి కూడా చంపేవాళ్ళు. 2000లో ఆ వేటగాళ్ళతోనే మాట్లాడి, మహావీర్ పక్షి సురక్షా సమితి అని ఒక సంఘం పెట్టించారు. ఏ పక్షి ఏ గడ్డి మాటున పడుకుంటుందో వేటగాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? ఆ తెలివే వాళ్ళకి ఇప్పుడు కూడు పెడుతోంది. వెదురు గడతో పడవ తోస్తూ, ఇంజన్ చప్పుడు లేకుండా, పక్షికి పది అడుగుల దూరంలోకి తీసుకెళ్ళి చూపిస్తారు. నేను వెళ్ళాను. నా పడవ నడిపినాయనకి ఒడియా తప్ప రాదు, నాకు ఒడియా రాదు, అయినా ఆ రెండు గంటల్లో నేను చూసినన్ని పక్షులు, వాటి పనులు, నా అంతట నేను రెండేళ్ళు తిరిగినా చూసేదాన్ని కాదు. 2018లో ఆ ఊరి ఎకోటూరిజం ట్రస్టుకి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ అవార్డు కూడా ఇచ్చింది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు, మన కడప జిల్లాకే వద్దాం. కలివికోడి కథ చాలామందికి తెలుసు. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు లోకానికి చెప్పిన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతూ సిద్ధవటం వైపు వచ్చారు. 1986 జనవరిలో దాన్ని మళ్ళీ లోకానికి దొరకబుచ్చింది రెడ్డిపల్లె ఐతన్న, పిట్టలు పట్టే మనిషి. సైంటిస్టులకి ఎనభై ఏళ్ళకు పైగా లేని పక్షి, ఆయన తిరిగే పొదల్లో ఉంటూనే ఉంది. ఆ తర్వాతే లంకమల అడవికి రక్షణ వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చాల్సి వచ్చింది. ఒక మనిషి తెలివికి అంత విలువ ఉంది.

మా వైపు ఆ తెలివి యానాదుల దగ్గర, సరస్సు మీద బతికే జాలర్ల దగ్గర ఉంది. శ్రీహరికోట రాకెట్ కేంద్రం కాకముందు ఆ దీవి అడవి యానాదులదే, తేనె, దుంపలు, చేపలు, మందుమొక్కలు అన్నీ వాళ్ళకి అక్కడే. కేంద్రం వచ్చాక చాలామంది బయటికి రావాల్సి వచ్చింది. వాళ్ళ పెద్దవాళ్ళకి పిట్ట కూతని బట్టి పిట్ట పేరు తెలుసు, ఏ పిట్ట ఎప్పుడు అరిస్తే పొదలో పాముందో తెలుసు. ఆ పేర్లు సగం మన పుస్తకాల్లోకి ఎక్కనే లేదు. పండగ స్టాల్లో పక్షుల ఫొటోల కింద ఇంగ్లీషు పేరు, లాటిన్ పేరు ఉండటం మంచిదే, కానీ తెడ్డుమూతి కొంగని, చింతవక్కని, జంబుకోడిని, బొల్లికోడిని ఆ పేరుతో పిలిచి చూపించే మనిషి ఉంటే మా ఊరి పిల్లాడికి అది వాళ్ళ తాత చెప్పిన పక్షే అని తెలుస్తుంది. లేకపోతే అది కెమెరాలున్నవాళ్ళ పక్షి అయిపోతుంది.

దీనికి నాకు ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. మొదటిది, "నువ్వు చెప్పేది పది మందికి సరిపోతుంది, పండగకి వేలమంది వస్తారు, వాళ్ళకి పాటలు, డాన్సులు, స్టాళ్ళు కావాలి" అని. కావాలి, నేను కాదనడం లేదు. సూళ్ళూరుపేట లాంటి చిన్న టౌనుకి ఏడాదికోసారి అంత వెలుగు రావడం నాకు ఇష్టమే. బడి పిల్లలు స్టేజీ ఎక్కి ఆడతారు, చిన్న చిన్న వ్యాపారాలు నడుస్తాయి, ఆడవాళ్ళు పొదుపు సంఘాల స్టాళ్ళు పెట్టుకుంటారు. పైగా వేదిక ఊళ్ళో ఉంది, గూళ్ళు దూరంగా నేలపట్టులో ఉన్నాయి, ఊళ్ళో మైకు వల్ల అక్కడి పక్షికి ఇబ్బంది లేదు. వేదిక ఉండనివ్వండి. నేనడిగేది, వేదిక దగ్గర్నుంచి బయల్దేరే ప్రతి బస్సులో ఒక చూపించే మనిషి, గట్టు దగ్గర పదిహేను మందికొకరు చొప్పున ఇంకొందరు. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే, ట్రైపాడ్ మీద పెట్టే స్పాటింగ్ స్కోప్ ఒకటి ఉంటే ముసలివాళ్ళు, పిల్లలు కూడా వరసలో నిలబడి గూట్లో పిల్లని చూసి పోతారు. ఒక పక్షిని ఒక నిమిషం స్కోప్‌లో చూసిన మనిషి మొహం ఎలా మారిపోతుందో నేను చాలాసార్లు చూశాను. మా అమ్మ అరవై ఏడో ఏట మొదటిసారి ఫ్లెమింగో కన్ను చూసి, "పసుపుపచ్చగా ఉందే దీని కన్ను!" అని పక్కనున్న తెలియని ఆవిడని పిలిచి మరీ చూపించింది.

రెండోది, "వాళ్ళకి ఇంగ్లీషు రాదు, పేర్లు తెలీవు, ట్రైనింగ్ ఉండదు" అని. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. పేర్లు నేర్పడానికి పది రోజులు చాలు. పదేళ్ళు నేర్పినా రానిది వాళ్ళ దగ్గర ఉంది, ఏ గూడు ఏ వారం కట్టాయో, ఏ గాలికి పక్షి ఏ మూలకి పోతుందో. పట్నం నుంచి పక్షులు తెలిసిన వలంటీర్లు వస్తారు, చాలా మంచి పిల్లలు, వాళ్ళకి శాస్త్రం తెలుసు. వాళ్ళనీ వీళ్ళనీ జతగా పెట్టండి. ఒకరికి పేరు తెలుసు, ఇంకొకరికి చోటు తెలుసు.

మూడోది డబ్బు. ఇక్కడే అసలు చిక్కు. మూడు రోజుల పండగకి మూడు రోజుల కూలీ ఇస్తామంటే, ఏ మనిషీ ఆ పనిని తన పనిగా అనుకోడు. అనుకోకూడదు కూడా, ఇల్లు నడవాలి కదా. పక్షులు అక్టోబర్‌లో వచ్చి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ శని, ఆదివారాలు చెన్నై నుంచి, నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి జనం వస్తూనే ఉంటారు. పండగ నుంచి కొంత డబ్బు పక్కన పెట్టి, ఊరికి ఐదారుగురు చొప్పున నేలపట్టులో, అటకానితిప్పలో, భీములవారిపాళెంలో మనుషుల్ని నిలబెట్టి, వచ్చినవాళ్ళు ఇచ్చే ఫీజు నేరుగా వాళ్ళ సంఘానికే పోయేలా చూస్తే, జనవరికి వాళ్ళు సిద్ధంగా ఉంటారు. అప్పుడు పండగకి గైడ్ల కోసం వెతుక్కోనక్కర్లేదు, వాళ్ళే పండగని నడుపుతారు. ఏప్రిల్ తర్వాత చివరి పిల్ల ఎగిరిపోయాక ఎన్ని గూళ్ళు, ఎన్ని పిల్లలు అని లెక్క కూడా వాళ్ళే రాసిపెట్టగలరు. ఆ లెక్క ఒక పదేళ్ళు వరసగా ఉంటే సరస్సు ఎటు పోతోందో ఎవరికైనా అర్థమవుతుంది.

నేలపట్టు రైతులకి ఈ లెక్క కొత్త కాదు. గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే పొలానికి వేరే ఎరువు పెద్దగా అక్కర్లేదని వాళ్ళు ఎప్పట్నుంచో చెప్తున్నారు, పక్షులు బాగా దిగిన ఏడు పంట బాగుంటుందని నమ్ముతారు. అందుకే ఆ ఊళ్ళలో ఎవరూ వాటి జోలికి పోలేదు. తమిళనాడు శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల చెరువుల పక్క ఊళ్ళయితే పక్షులు బెదురుతాయని దీపావళికి టపాసులే కాల్చరు, తరతరాలుగా. ఇలాంటి ఊళ్ళకి మనం బయటి నుంచి పోయి పక్షి ప్రేమ నేర్పాల్సిందేమీ లేదు. వాళ్ళకి తెలిసింది మనకి చెప్పే అవకాశం, ఆ చెప్పినందుకు గౌరవంగా నాలుగు డబ్బులు, ఇవి ఇవ్వాలి.

మళ్ళీ నాకు చూపించినాయన దగ్గరికి వస్తాను. వాచర్ పని రోజుకూలీ, కొన్ని నెలలు ఉండేది, కొన్ని నెలలు ఉండేది కాదు. ఇద్దరు ఆడపిల్లల చదువులు. ఇప్పుడాయన హైవే పక్కన ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగా చేస్తున్నారు, పన్నెండు గంటల డ్యూటీ. పోయిన నవంబర్‌లో ఫోన్ చేసి, ఈ ఏడు ఎలా ఉందండీ అనడిగాను. "వచ్చినాయమ్మా, చెరువు నిండింది, పుల్లలు మోస్తుండాయి" అన్నారు. గూళ్ళు కట్టే పుల్లలు. మీరెప్పుడు చూశారు అంటే, చూడ్డానికి పోలేదంట, సెలవు దొరకలేదంట. జనవరిలో పండగకి మా వాళ్ళు పన్నెండు మంది వస్తున్నారు, ఒక్క రోజు వస్తారా అని అడిగాను. లీవు పెడితే జీతం కోస్తారమ్మా అన్నారు. ఆ కోసేది మేమిస్తాం అన్నాను, కాసేపు ఆలోచించి, చూద్దాంలే అన్నారు.

మరి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండి చెరువులోకి పక్షులొచ్చిన సంగతి మీకెలా తెలిసింది అనడిగాను. "గేటు మీంచే పోతాయి కదమ్మా పులికాట్‌కి. తొమ్మిదిన్నరకి పోతాయి, సాయంత్రం తిరిగొస్తాయి. రిజిస్టర్లో లారీ నంబర్లు రాస్తా, ఆ పక్కనే ఇవెన్ని పోయినాయో గీతలు పెట్టుకుంటా. నిన్న అరవై రెండు."